నీడవైపు నల్ల కొలంబైన్లు

పోయిన వారం నేను నా తెల్ల కొలంబైన్ పూల మడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. మడి మధ్యలో ఒక నల్లపువ్వు తల వంచుకుని వేలాడుతోంది. దాని రేకుల అంచున గోరుతో గీసినంత తెల్లగీత ఉంది. అలాంటి గీత ఉన్న కొలంబైన్ ఈ లోయ మొత్తంలో ఒక్కరి దగ్గరే ఉండేది. ఆమె మా చెల్లెలు లిజికా. లిజికా కనబడకుండా పోయి ఆరేళ్ళయింది.

మా సంగతి తెలియనివాళ్ళకి మిగతాది కూడా చెప్పేస్తాను. నా పేరు పావ్లా. మొక్కలు పెంచి అమ్ముతాను. శనివారం సంతలో చర్చి గోడ పక్కన ఉండే బల్ల నాదే. లిజికా ఒక ఏప్రిల్ ఉదయం పుట్టగొడుగుల కోసం అడవికి వెళ్ళింది. బుట్ట ఏటి ఒడ్డున దొరికింది, మనిషి దొరకలేదు. ఆ వేసవిలోనే ఆమె భర్త ఫ్లోర్యాన్ బావి పక్కనున్న ఆమె పూలమడిని తవ్వించి, మొక్కలన్నీ తగలబెట్టి, ఆ చోట రాతిపలకలు పరిచాడు. ఇప్పుడు ఈ సోమవారం కోర్టు. ఆమె బతికి ఉన్న జాడ ఏదీ లేదని సొంత అక్కనైన నేను జడ్జి ముందు చెబితే లిజికా చనిపోయినట్టు రాసేస్తారు. మా నాన్న ఆమెకిచ్చిన అడవి ఫ్లోర్యాన్‌కి వెళ్తుంది. శ్మశానంలో ఖాళీ గోతి మీద రాయి నిలబెడతారు. లిజికా కూతురు బ్రీనాకి ఆ రాయి కావాలి. "ఏడవడానికి నాకొక చోటు కావాలి పెద్దమ్మా" అంటుంది. నేను సరేనన్నాను. ఆ తర్వాత ఈ పువ్వు పూసింది.

సరుకు వచ్చిందంటే ఎక్కడినుంచో వచ్చి ఉండాలి. ఆకాశం నుంచి ఊడిపడిన సరుకుని నేనింతవరకూ చూడలేదు. కాబట్టి దిగులు పక్కన పెట్టి ఆలోచించాను.

ఎప్పటిదో పాత గింజ మట్టిలో నిద్రపోయి లేచిందా అంటే, ఈ మొక్క మడిలో పుట్టనే లేదు. నా ట్రేలో పుట్టింది. నా తెల్లమొక్క కాయని నేనే కోశాను. ఆ గింజల్ని నేనే ఆకుఎరువు మీద చల్లి, మట్టి కప్పకుండా చలికాలమంతా మంచుకి వదిలేశాను. వసంతంలో మొలిచినవాటిని నేనే తెచ్చి ఇక్కడ నాటాను. తల్లి ఎవరో నాకు తెలుసు. తెలియనిది తండ్రే. కొలంబైన్‌కి కట్టుబాటు లేదు. తుమ్మెద ఏ గడప తొక్కి వస్తే ఆ పుప్పొడితోనే కడుపు పండించుకుంటుంది. అందుకే ఒక రంగుని చెడకుండా నిలబెట్టాలనుకునేవాళ్ళు పక్కరంగు మొక్క కనబడగానే నిర్దయగా పీకేస్తారు. గింజ కట్టాక దాని పువ్వు కళ్ళజూడటానికి రెండు వసంతాలు పడుతుంది. అంటే రెండు మే నెలల కిందట, తుమ్మెద ఎగిరి రాగలిగినంత దూరంలో, లిజికా నల్లకొలంబైన్ ఎక్కడో పూసింది. మడి తగలబడిపోయిన నాలుగేళ్ళకి పూసింది.

నా పెరటి నుంచి తుమ్మెద పోయేంత దూరంలో ఉన్న ఇల్లు ఒక్కటే. ఏటికి అవతల, నీడవైపు, ఫ్లోర్యాన్ ఇల్లు.

శనివారం పొద్దున సంత బల్ల బ్రీనాకి అప్పగించాను. నల్లపువ్వు సంగతి ఆమెకి చెప్పలేదు. ఏడవడానికి చోటు వెతుక్కుంటున్న పిల్లకి అనుమానం అమ్మడం మంచి వ్యాపారం కాదు. ఇంటికి తిరిగొచ్చి ఆ మొక్కని వేరు తెగకుండా పెద్ద మట్టిగడ్డతో సహా పెకలించి కుండీలో పెట్టాను. కొలంబైన్ వేరు ముల్లంగిలా లోతుకి దిగుతుంది, ఎదిగిన మొక్కని కదిపితే సాధారణంగా బతకదు. అయినా తీశాను. సాక్ష్యం చెప్పడానికి వెళ్ళేటప్పుడు సాక్షిని వెంటపెట్టుకుని వెళ్ళాలి కదా.

మట్టి అదుముతుంటే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. కొలంబైన్ పువ్వుకి వెనకవైపు వంకీలు తిరిగిన ఐదు కొమ్ములుంటాయి. ఒక్కో కొమ్ము చివర బొట్టు తేనె ఉంటుంది. మేమిద్దరం కొమ్ము చివర కొరికి చప్పరించేవాళ్ళం. ఆ మొక్క విషం, చస్తారు అని అమ్మ తిట్టేది. నేను మానేశాను. లిజికా పెద్దయ్యాక కూడా మానలేదు. తన మడిలో రంగు చెడిన మొక్క కనబడితే పీకేది. పీకాక పువ్వు తుంచి ఐదు కొమ్ములూ కొరికి తేనె తాగి, మొక్కని రాయి మీద పడుకోబెట్టేది. "చంపేటప్పుడు దాని తీపి తినాలక్కా. లేకపోతే ఉసురు తగులుతుంది" అనేది. అందరం నవ్వేవాళ్ళం.

మా లోయలో మనుషులు రెండే రకాలు, ఎండవైపువాళ్ళు, నీడవైపువాళ్ళు. ఎండవైపువాళ్ళు సంతకి ముందుగా బీన్స్ తెస్తారని, నీడవైపువాళ్ళు దగ్గు తెస్తారని ఎగతాళి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫ్లోర్యాన్ ఇంటి మీద సూర్యుడు పడడు. వేసవిలో కూడా మధ్యాహ్నం కాస్త తొంగిచూసి పోతాడు. మనుషులకి అది శాపం, కొలంబైన్‌కి మాత్రం పుట్టిల్లు. లిజికాని ఆ ఇంటికిచ్చినప్పుడు అమ్మ ఏడిచింది. లిజికా మాత్రం మట్టిని పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి నవ్వింది.

నేను చెక్కవంతెన దాటేసరికి చర్చిలో మధ్యాహ్నం గంట మొదలైంది. వంతెన పక్కనే ఫ్లోర్యాన్ తేనెపెట్టెలు, ముందుపలకల మీద పాతకాలపు బొమ్మలతో, ఒకదాని మీద ఒకటి అలమరలా పేర్చి ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా పోతే మా వైపు ముందుగా ఆ కబురు తేనెటీగలకే చెబుతారు. పెట్టె మీద వేలితో తట్టి, పేరు చెప్పి, పోయారు అని చెప్పాలి. చెప్పకపోతే అలిగి లేచిపోతాయి. నాన్న పోయినప్పుడు అమ్మ తట్టడం నేను చూశాను. పెట్టెలోపల రొద ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలైంది. ఇప్పుడు నేను కుండీతో వాటి ముందునుంచి నడుస్తుంటే ఈగలు ఎప్పట్లాగే వస్తూ పోతూ ఉన్నాయి. ఆరేళ్ళుగా ఒక్క పెట్టె కూడా ఖాళీ కాలేదని ఊరంతా ఫ్లోర్యాన్‌ని మెచ్చుకుంటుంది. నాకు అప్పుడే ఆ మెప్పు మీద అనుమానం పుట్టింది. ఆ ప్రశ్నని మడిచి జేబులో పెట్టుకున్నట్టు దాచుకున్నాను.

తలుపు తట్టలేదు. ఇంటి పక్కనుంచి నేరుగా వెనక్కి వెళ్ళాను. కొనబోయే ఇంటిని ముందుగా వెనకనుంచి చూడాలి.

ఇంటి వెనకగోడకీ కొండరాతికీ మధ్య సన్నటి సందు ఉంది. ఒకప్పుడు కట్టెలు పేర్చేవాళ్ళు. రాతినుంచి నీరు చెమ్మగా దిగుతుంటుంది. వాసన నేలమాళిగ వాసన. అక్కడ, గోడ పొడవునా, నల్లకొలంబైన్లు పూసి ఉన్నాయి.

గాలి లేదు, అయినా పూలన్నీ ఒకవైపే తలలు వంచి ఉన్నాయి. నల్లరేకు, అంచున తెల్లగీత. నేను బతికినంత కాలం మొక్కలతోనే బతికాను. ఏ మడి చూసినా ముందు నా కళ్ళు తేడా మొక్కని వెతుకుతాయి. ఈ మడిలో తేడా మొక్క లేదు. మొదటిది ఎలా ఉందో చివరిదీ అలాగే ఉంది.  నా తెల్ల మడి ఏరు దాటితే అక్కడే ఉంది, తుమ్మెద రెండు వైపులా ఎగురుతుంది. నా మడిలోకి నలుపు వచ్చిందంటే ఈ మడిలోకి తెలుపు కూడా వచ్చి ఉండాలి. వస్తే ఎవరో పీకుతూ ఉండాలి. పైగా కొలంబైన్ మూడు నాలుగేళ్ళకి మించి బతకదు. ఇవి లిజికా వదిలిపోయిన మొక్కలు కావు. వాటి పిల్లలూ కాకపోవచ్చు. మనవలు.

మడి చివర ఒక చదునైన రాయి ఉంది. దాని మీద చిన్న మొలకలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. నల్లరకం మొలకకి కాడ ఊదారంగులో ఉంటుంది. వీటి కాడలు పచ్చగా ఉన్నాయి. నా తెల్లవాటి పిల్లలు. ముట్టుకుంటే వాటి వేర్లు ఇంకా తడిగా ఉన్నాయి.

"ఎవరక్కడ? పావ్లావా?"

ఫ్లోర్యాన్ తల్లి తెరేజియా, కర్ర ఊతంతో సందు మొదట్లో నిలబడి ఉంది. ఆమె కళ్ళకి పొరలు కమ్మి ఏళ్ళయింది, మనిషిని అడుగుల చప్పుడుతో పోల్చుకుంటుంది.

"నేనే అత్తయ్యా."

"సంతరోజు బల్ల వదిలి వచ్చావంటే ఎవరో చచ్చి ఉండాలి."

"అది తేల్చుకోడానికే వచ్చా" అన్నాను.

ఆమె నవ్వలేదు. వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. భోజనం వేళకి వచ్చినవాళ్ళని వాకిట్లో నిలబెట్టడం ఈ ఇంటి పద్ధతి కాదంటూ లోపలికి నడిపించింది. కదిలేముందే నేను కుండీని ఆ రాయి పక్కన కింద పెట్టేశాను. నా దగ్గర ఉన్నది ముందే చూపిస్తే బేరం నా చెయ్యి దాటిపోతుంది.

వంటింట్లో ఫ్లోర్యాన్ అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. బక్‌వీట్ గింజల పిండి ముద్ద, దాని మీద వేయించిన పందికొవ్వు ముక్కలు, పక్కన గిన్నెలో పుల్లపాలు. నన్ను చూసి చెంచా తెచ్చి పెట్టాడు. పదిహేనేళ్ళ కాపురంలో లిజికా అతని గురించి చెప్పిన ఫిర్యాదు ఒక్కటే, మాట్లాడడని. ఆ రోజు కూడా మాటలన్నీ ముసలమ్మవే. బంగాళాదుంపలకి పట్టిన పురుగు గురించి, కొత్త ఫాదర్ ప్రసంగం పొడుగు గురించి చెబుతూనే ఉంది. ఉన్నట్టుండి, నేను అడక్కుండానే, వెనక మడి తనదేనంది.

"నేనే వేశా. పొద్దుపోక."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను. ఎవరూ ఏమీ అనకుండానే తడుముకోవడం అదే మొదటిసారి చూడటం.

"బాగున్నాయి అత్తయ్యా. సంతలో పెడితే ఎగబడతారు. గింజ ఎప్పుడు వేస్తారు?"

"వసంతంలో. బంగాళాదుంపలతో పాటే."

"ఎంత లోతున?"

"వేలు లోతు. పైన మట్టి బాగా కప్పాలి. లేకపోతే పిట్టలు తినెయ్యవూ?"

నేను తలూపాను. కొనేవాడు తలూపితే అమ్మేవాడు ఇంకా మాట్లాడతాడు. కానీ నాకు అంతకన్నా అక్కర్లేదు. మట్టి కప్పితే కొలంబైన్ గింజ మొలవదు, దానికి వెలుతురు తగలాలి. వసంతంలో వేస్తే ఆ ఏడు పడుకునే ఉంటుంది, దానికి మంచు తగలాలి. పిట్టలు దాని జోలికే పోవు, గింజలో విషం ఉంది. తెరేజియా జన్మలో ఒక్క కొలంబైన్ కూడా మొలిపించలేదు. పచ్చకాడకీ ఊదాకాడకీ తేడా చూసే కళ్ళు కూడా కావవి. మరి పొద్దున ఆ మొలకలు పీకింది ఎవరు?

ఫ్లోర్యాన్ తల ఎత్తకుండా తింటున్నాడు. నేను చెంచా కింద పెట్టి, జేబులో దాచుకున్న ప్రశ్న బయటికి తీశాను.

"ఫ్లోర్యాన్, లిజికా పోయిందని తేనెటీగలకి చెప్పావా?"

అతని చెయ్యి గిన్నెకీ నోటికీ మధ్య ఆగిపోయింది. పుల్లపాలు చుక్కలు చుక్కలుగా బల్ల మీద పడుతున్నాయి. ముసలమ్మ కర్ర కోసం తడుముకుంది.

"లేదు" అన్నాడు.

"ఆరేళ్ళయింది."

"వాటికి అబద్ధం చెబితే ఉండవు వదినా. జడ్జికైతే చెప్పొచ్చు."

తెరేజియా బల్ల మీద అరచేత్తో కొట్టింది. ఊరంతా చచ్చిందన్నాక చచ్చినట్టేనని, పనికిరాని మాటలు కట్టిపెట్టి తినమని కొడుకుని కసిరింది. ఫ్లోర్యాన్ ఆమెవైపు చూడలేదు. మాట్లాడని మనిషి మాట్లాడితే మూత పగిలిన పీపాలాగే ఉంటుంది. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు.

బావి పక్క మడి తగలబెట్టింది కోపంతో కాదన్నాడు. ఆమె లేకుండా అవి పూయడం చూడలేక. మరుసటి ఏడాది వసంతంలో ఇంటి వెనక, ఎవరూ గింజ వెయ్యనిచోట, మొలిచాయి. తవ్వాడు. సున్నం పోశాడు. మళ్ళీ మొలిచాయి. సరే, ఎక్కడిదో గింజ పడి ఉంటుందనుకున్నాడు. కానీ కలుపు ఎవరు తీస్తున్నారు? పచ్చకాడల మొలకలు తెల్లవారేసరికి పీకి రాయి మీద వరసగా ఉంటున్నాయి. అతను కిటికీ దగ్గర కాపు కాశాడు. సందులో పిండి చల్లి చూశాడు. అడుగులు పడలేదు. తల్లిని అడిగాడు. ఆమె అప్పటినుంచే మడి తనదని చెప్పడం మొదలుపెట్టింది, కొడుక్కి నిద్ర పట్టాలని.

"నువ్వేమనుకున్నావో నాకు తెలుసు వదినా. అడవి కోసం అనుకున్నావు."

అవునన్నాను.

"అడవి నువ్వే తీసుకో. బ్రీనాకివ్వు. నాకొద్దు. సోమవారం ఆ ఒక్క మాట చెప్పు చాలు. కోర్టు రాసేసి, రాయి నిలబెట్టి, ఫాదర్ నీళ్ళు చల్లితే ఇది ఆగుతుందేమో."

సగం ధర అడిగేవాడిని నేను ఎదుర్కోగలను. తూకంలో దగా చేసేవాడిని పట్టుకోగలను. సరుకు ఊరికే ఇచ్చేస్తానన్నవాడిని చూస్తే నాకు చెమటలు పడతాయి. ఫ్లోర్యాన్ ముఖంలో దురాశ ఉంటుందనుకుని వచ్చాను. అక్కడ భయం తప్ప ఏమీ లేదు. దురాశని కొనొచ్చు, అమ్మొచ్చు. భయానికి మారకం లేదు.

ఆలోచించి చెబుతానన్నాను. ముసలమ్మ నా ముంజేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు లేకుండా ఉంది, ఎండుటాకు పడ్డట్టు.

"నీకు చెల్లెలు కావాలి, వాడికి నిద్ర కావాలి. బతికున్నవాళ్ళ వైపు ఉండు పావ్లా."

"ఎవరు బతికున్నారో తేలాకే ఉంటా అత్తయ్యా."

లేచి కుండీ తెచ్చుకోడానికి వెనక్కి నడిచాను. ఇప్పుడు ఒక విషయం సరిగా చూసుకోండి, నేను కూడా ఆ తర్వాత పదేపదే చూసుకున్నాను. నేను కుండీ కింద పెట్టి లోపలికి వెళ్ళినప్పుడు తెరేజియా నా మోచెయ్యి పట్టుకుని ఉంది. ఫ్లోర్యాన్ బల్ల దగ్గర ఉన్నాడు. నేను తిరిగొచ్చేదాకా ఇద్దరూ నా కళ్ళ ముందే ఉన్నారు. బ్రీనా సంతలో ఉంది. ఆ ఇంట్లో ఉండేది మరెవరూ లేరు.

సందులోకి సూర్యుడు వచ్చాడు. రోజులో ఆ కాసేపే. రాతి మీద చెమ్మ మెరుస్తోంది, నల్లపూలు ఎండలో ముదురు ఎరుపుగా ఉన్నాయి. చదునురాయి మీద మొలకల వరస పెరిగింది. వరస చివర నా మొక్క పడుకుని ఉంది. అంత పెద్ద మట్టిగడ్డా దులిపేసి ఉంది, ముల్లంగిలాంటి వేరు నీళ్ళతో కడిగినట్టు తెల్లగా ఉంది. తెలుపుకీ నలుపుకీ పుట్టిన కల్తీ మొక్క. ఆ మడిలో దానికి చోటు లేదు.

కుండీ మాత్రం నేను పెట్టినచోటే ఉంది. ఖాళీగా లేదు. మధ్యలో వేలెడంత మొలక కొత్తగా నాటి ఉంది. ఊదారంగు కాడ. స్వచ్ఛమైన నల్లరకం, నాటినా బతికేంత లేతది. చుట్టూ మట్టి తడిపి, బొటనవేలితో అదిమిన గుర్తు ఉంది.

ఒకటి తీసుకుని ఒకటి ఇచ్చారు. నాకు తెలిసినంతలో దాని అర్థం ఒక్కటే. బేరం మొదలైంది. అవతలివాళ్ళు ఎవరైనా, వాళ్ళకి నా వృత్తి తెలుసు.

నా మొక్క కాడకి పువ్వు లేదని అప్పుడు గమనించాను. వెతికితే కుండీ అంచు మీద దొరికింది, బోర్లా పెట్టి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. తుమ్మెదలు కూడా ఈ కొమ్ములకి చిల్లులు పెడతాయి, సూదిమొన అంత చిల్లు. ఇవి చిల్లులు కావు. ఐదు కొమ్ముల చివరలూ కొరికేసి ఉన్నాయి.

"ఏముంది వదినా అక్కడ?"

ఫ్లోర్యాన్ ఇంటి మూలన నిలబడ్డాడు. సందులోకి అడుగు పెట్టడం లేదు. అతని వెనక ముసలమ్మ, గాలిని వింటున్నట్టు తల పక్కకి వాల్చి ఉంది.

నేను పిడికిలి మూశాను. రెండో చేత్తో కుండీ ఎత్తి నడుముకి ఆనించుకున్నాను.

"ఏం లేదు. కుండీ మర్చిపోయాను" అన్నాను. "సోమవారం ఎన్నింటికి రావాలి?"

"పదింటికి."

సరేనని తల ఊపి అతన్ని దాటుకుంటూ నడిచాను. తేనెపెట్టెల దాకా వెళ్ళాక గాని పిడికిలి తెరవలేదు. నీడవైపు చలికి నా వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. పువ్వు కొరికినచోట ఇంకా తడిగా ఉంది. ఆ తడి నా అరచేతికి వెచ్చగా తగిలింది.